ఐదో ముత్తైదువ

నా మూలంగా ఇంకొకరి అన్నం పోతుందేమోనన్నదే నాకు అన్నిటికంటే పెద్ద భయం. పాము కనబడితే కట్టె వెతుక్కుంటాను. చీకట్లో దొడ్లోకి పోవడానికి జంకను. కానీ నేను వేసిన ఒక్క అడుగు వల్ల ఎవరింట్లోనో పొయ్యి వెలగడం లేదేమోనన్న ఆలోచన వస్తే, చేతిలో ఉన్న పని అక్కడే ఆగిపోతుంది.

ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు, శ్రావణమాసంలో మూడో శనివారం నాడు వచ్చింది.

మేముండేది ప్రొద్దుటూరులో. మా ఆయన గురురాజారావు ఎమ్మెల్యే వీరనారాయణప్ప గారి దగ్గర గుమాస్తా. జనం తెచ్చే అర్జీలు రాయడం, వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాయడం, అసెంబ్లీ జరిగే రోజుల్లో ఆయన వెంట హైదరాబాదు పోయి కాగితాలు చూసుకోవడం ఆయన పని. నేను ఐదో క్లాసు సగంలో బడి మానిన మనిషిని. తమ్ముడు పుట్టాడు, ఎత్తుకునేవాళ్లు లేరు, మాన్పించారు. చదవడం వచ్చు. రాయమంటే మాత్రం తప్పులు పోతాయి.

వీరనారాయణప్ప గారిని ఇంట్లో మేం పెద్దాయన అనేవాళ్లం. మొదటిసారి గెలిచినప్పుడు ఆయన్ను ఒక నూనెమిల్లు యజమాని కొత్త యంత్రాలు చూపిస్తానని తన కారులో మద్రాసు తీసుకుపోయాడట. వారం రోజులు బాగా చూసుకున్నాడట. తిరిగొచ్చి ఊళ్లో కారు దిగుతుంటే, రచ్చకట్ట మీద కూర్చున్న ఒక ముసలి రైతు, "ఏం నాయనా, మేము ఓట్లేస్తే ఆయప్ప కారులోంచి దిగుతాండావే" అన్నాడట. ఆ మాట పెద్దాయనకు గుచ్చుకుంది. ఆనాటి నుంచి ఆయనది బస్సు ప్రయాణమే. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో గుడ్డసంచి. కండక్టరు టికెట్టు చించకపోతే బస్సు దిగి నిలబడేవాడు. "నీకు టికెట్టేంది సామీ, మా పరువు తీస్తాండావు" అని కండక్టరు మొత్తుకుంటే, "నీ పరువు నీ సంచిలోనే ఉండాది, చించి ఇయ్యప్పా" అనేవాడట. బస్సంతా నవ్వేది. టికెట్టు చినిగేదాకా బస్సు కదిలేది కాదు.

అట్లాంటి రూలు సర్కారు ఏదీ రాసిపెట్టలేదు. పెద్దాయనే ఒక అరఠావు కాగితం మీద రాసి మా ఆయనకిచ్చాడు. ఎవరి బండీ ఎక్కరాదు. ఎవరి ఖర్చుతోనూ ఊర్లకు పోరాదు, మన పనికి పనికొచ్చేది చూపిస్తామన్నా సరే. తప్పనిసరైతే ముందే అడగాలి. అడగకుండా జరిగిపోతే మరునాడు పొద్దుగూకేలోగా జరిగింది జరిగినట్టు రాసివ్వాలి. ఎవరి బండి ఎక్కామో వాళ్ల పనికి సంబంధించిన కాగితాన్ని ఆ పైన ముట్టుకోరాదు. ఇది నాకూ, నా దగ్గర పనిచేసేవాళ్లకూ.

మా ఆయన దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. నేను బియ్యం ఏరుకుంటూ విన్నాను. మగవాళ్ల వ్యవహారం అనుకున్నాను.

ఆ శనివారం మా ఆయన పెద్దాయనతో హైదరాబాదులో ఉన్నాడు. నేనూ, రెండున్నరేళ్ల మా మీనాక్షి ఇంట్లో ఉన్నాం. నేను కళ్లాపి చల్లుతుంటే వాకిట్లో నల్లకారు ఆగింది. అందులోంచి వనజమ్మ దిగింది. ఆమె బస్సుల సావుకారు భార్య. మా వీధిలో పేరంటాలకు ఎవరు పిలిచినా వచ్చి అందరితో కలిసి కూర్చునే మనిషి.

"ఏందక్కా ఇంత పొద్దున్నే?" అన్నాను.

"నా మొక్కు చెడిపోయేట్టుండాది అలివేలమ్మా. మావాడు జరంలో పడి లేసినప్పుడు గండి ఆంజనేయసామికి మొక్కుకుంటి. ఐదుగురు ముత్తైదువల్ను తోడుకపోయి, ఆడ బువ్వ పెట్టి పసుపు కుంకుమ ఇస్తానని. తెల్లారి చూస్తే ఐదో ఆమె బయట చేరింది. నలుగురితో ఎట్ల చెల్లుతాది? నువ్వొచ్చి కూచోవల్ల."

"మా ఆయన ఊర్లో లేడక్కా. ఆయన్ను అడక్కుండా..."

"పసుపు కుంకుమకు మొగోల్లను అడిగేదేంది పిల్లా? నీ ఐదోతనానికి మీ ఆయన సంతకం కావల్నా?"

కారులో ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అరఠావు గుర్తు రాలేదని చెప్పను. వచ్చింది. కానీ పసుపు కుంకుమ ఇస్తాం రమ్మని ఇంటికొచ్చిన మనిషిని వెనక్కి పంపితే, దూరాన ఉన్న ఆయనకు ఏమైనా అవుతుందేమోనన్న దిగులు అంతకంటే ముందు వచ్చింది. కారు ఎక్కరాదన్నది ఆయనకు. ముత్తైదువగా కూర్చోమన్నది నన్ను. ఈ రెండూ వేరని నాకు నేను చెప్పుకుని, బిడ్డకు గౌను మార్చి కారెక్కాను.

కారు నడిపేది అమీర్ బాషా. ముప్పై ఏళ్లుంటాయి. ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు ఉంది.

గండికి ఎర్రగుంట్ల మీదుగా పోతే దగ్గర. వనజమ్మ అత్త జమ్మలమడుగులో ఎక్కాలన్నారు, అందుకని కారు అటు తిరిగింది. అక్కడ బస్టాండు పక్కన ఆగినప్పుడు సావుకారు మేనేజరు కిటికీలోకి వంగి చూశాడు. "గుమాస్తా గారి ఇంటోల్లా? బాగుండాది, శానా బాగుండాది" అన్నాడు. జేబులోంచి పెన్సిలు తీశాడు. చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

కారు ముద్దనూరు దాటి పులివెందుల దారి పట్టాక వనజమ్మ తాంబూలం మడుస్తూ మామూలుగా అంది. "చూడు, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీద పులివెందులకు మా బస్సొకటి పడితే జనానికి ఎంత సుకం. ఆ పర్మిట్లు తేల్చే కమిటీలో మీ పెద్దాయన ఉండాడంట గదా. మీ ఆయనతో ఒక మాట అనరాదా?"

ఆమె కావాలని అందో, అత్తతో పొలం సంగతి మాట్లాడినట్టే నాతో ఆ సంగతి మాట్లాడిందో ఇప్పటికీ నాకు తెలియదు. దిగిపోదామంటే రెండువైపులా బోడి కంకర నేల. ఒళ్లో బిడ్డ. ముందు అద్దంలో అమీర్ బాషా కళ్లు ఒక్కసారి నన్ను చూసి మళ్లీ దారి మీదికి పోయాయి.

గండిలో దర్శనం అయింది. ఆకు ముందు కూర్చుంటే వనజమ్మ కొసరి కొసరి వడ్డించింది. కాళ్లకు పసుపు రాసి, రవికెగుడ్డ పెట్టి, నా పాదాలకు దండం పెట్టింది. ఆ రవికెగుడ్డ ఇంకా పెట్టెలోనే ఉంది. తిరిగి ఇస్తే ఆమె మనసు నొచ్చుకుంటుంది. కుట్టించుకుంటే నా మనసు ఒప్పుకోదు.

తిరుగుదారిలో మీనాక్షి ఒళ్లు కాలిపోసాగింది. పులివెందుల ఇంకా నాలుగు మైళ్లుందనగా బిడ్డ కళ్లు పైకి తేలిపోయాయి, పళ్లు కరుచుకున్నాయి, చేతులు కొయ్యబారాయి. నేను అరిచానో లేదో నాకు తెలియదు.

"ప్రొద్దుటూరికి పోనీ బాషా, మన డాక్టరుండాడు. సాయంత్రానికి కారు కావల్లని ఆయప్ప చెప్పినాడు గదా" అంది వనజమ్మ కంగారుగా.

"అంతదాకా బిడ్డ తట్టుకోదమ్మా. సావుకారుకు నేను చెప్పుకుంటా" అని అమీర్ బాషా కారును నేరుగా పులివెందుల సర్కారాసుపత్రి మెట్ల దగ్గర ఆపాడు. నేను దిగేలోగా ఆయనే బిడ్డను భుజాన వేసుకుని లోపలికి పరుగెత్తాడు. "కాంపౌండరు సాబ్, ఎవరన్నా రాండప్పా!" అని ఆయన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పక్క వీధిలోనే వాళ్లమ్మ ఇల్లు. పోయి కుండనీళ్లూ పాతచీరా తెచ్చాడు. మూడు గంటలు తడిగుడ్డలు మార్చాం. వనజమ్మ కూడా పక్కనే కూర్చుని విసిరింది, ఏడ్చింది. ఆ మాట దాస్తే నాకు పాపం. పొద్దు వాలే ముందు బిడ్డ కళ్లు తెరిచి "అమ్మా, నీల్లు" అంది.

మరునాడు పొద్దున పదిగంటలకు అమీర్ బాషా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. బిడ్డను చూడ్డానికి వచ్చాడనుకున్నాను. చూశాడు, నుదురు తాకాడు. పోకుండా నిలబడ్డాడు.

"ఒక మాట చెప్పల్ల అక్కయ్యా. కారు యాడికి పోయింది, ఎవరెవరు ఎక్కినారు అని మేము ట్రిప్పుషీటు రాసి సంతకం పెడతాం. నిన్న దాంట్లో గురురాజారావు గారు, కుటుంబం అని రాయమంటాండాడు సావుకారు."

"ఆయన హైదరాబాదులో ఉంటే!"

"అదే చెప్తి నేను. ఆయన రాలేదు, నేను రాయను అంటి. నువ్వు రాయకుంటే ఇంకోడు రాస్తాడు, ఇంటికి పో అన్యాడు. వాల్లు ఆ కాగితం యాడ చూపిస్తారో నాకు తెల్దు. ఎవరో చెప్పేలోగా నువ్వే చెప్పుకుంటే మంచిది."

"ఇంటికి పో అన్నాడా? అంటే?"

"కోపంలో అన్యాడులే. నాదేముంది, బండి తోలేటోనికి ఈ బండి గాకుంటే ఇంకో బండి" అని నవ్వేసి పోయాడు.

పక్కింటి అమీనాబీ అంతా వింది. నా భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఎందుకట్ల భయపడతావు పిల్లా? బిడ్డకు బాగలేదు, ఆసుపత్రికని ఆ కారు ఎక్కినా అని రాయి. పొద్దున ఎక్కినవో సాయంత్రం ఎక్కినవో ఎవరు చూసొచ్చినారు? బిడ్డకు మూర్ఛ వచ్చింది నిజమే గదా. అది చదివి ఎవడన్నా తప్పంటాడా?"

ఆమె మా మంచికే చెప్పింది. ఆ మాట నాకు తియ్యగా తగిలింది. పోస్టుకార్డు తీసి, ముందు అట్లాగే మొదలుపెట్టాను కూడా. "శనివారం పొద్దున మీనాక్షికి జబ్బుగా ఉండి" అని రాశాను. అక్కడే నా చెయ్యి ఆగిపోయింది. శనివారం పొద్దున మీనాక్షి వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెత్తుతూ ఉంది. అప్పుడు లేని జబ్బును నా చేత్తో దాని మీద రాస్తే, ఆ రాసింది మళ్లీ దాని మీదికి వస్తుందేమోననిపించింది. నేను గొప్ప నిజాయితీ గలదాన్నని ఎవరూ అనుకోవద్దు. నాది భయం. ఆ కార్డు చించి పొయ్యిలో వేశాను.

రెండో కార్డు మీద ఇట్లా రాశాను.

"పెద్దాయన గారికి గురురాజారావు భార్య అలివేలుమంగ నమస్కారాలు. శనివారం పొద్దున వనజమ్మగారు మొక్కుకు ఐదో ముత్తైదువ కావాలంటే నేను వాళ్ల కారులో గండికి పోయాను. అప్పుడు బిడ్డ బాగానే ఉంది. మీ కాగితం నాకు గుర్తుంది, అయినా పోయాను. దారిలో రూటు సంగతి నాతో అన్నారు. వచ్చేటప్పుడు బిడ్డకు మూర్ఛ వస్తే డ్రైవరు అమీర్ బాషా పులివెందుల ఆసుపత్రికి తీసుకుపోయి బతికించాడు. మా ఆయన కారులో లేడు. ఆయనకు ఇది తెలియదు. తప్పు నాది."

పొద్దుగూకేలోగా డబ్బాలో వేయాలి గదా. బిడ్డను చంకనేసుకుని నేనే పోయి వేశాను. వేశాక డబ్బాలో చెయ్యి పెట్టి తీసుకుందామా అనిపించింది.

పన్నెండు రోజులు ఏ కబురూ లేదు. మా ఆయన ఉద్యోగం పోయిందని నేను నిశ్చయించుకున్నాను. ఏ వస్తువు ఎక్కడ సర్దాలో కూడా మనసులోనే సర్దుకున్నాను. పదమూడో రోజు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని, బిడ్డను ఎత్తుకుని చాలాసేపు ఒళ్లంతా తడిమి చూశాడు. ఆ తరువాత పీట మీద కూర్చుని మొత్తం చెప్పాడు.

కార్డు అందిన రోజే ఆయన రాజీనామా రాసి పెద్దాయన ముందు పెట్టాడట. పెద్దాయన దాన్ని చదవకుండానే మడిచి కళ్లద్దాల పెట్టెలో పెట్టుకున్నాడట.

"చెప్పుకున్నోల్లను ఇంటికి పంపిస్తే, రేపట్నుంచి ఎవరు చెప్తారప్పా?" అన్నాడట.

కమిటీ కూర్చునే ముందురోజు పెద్దాయన దిగిన కడప బంగళాకు సావుకారు మేనేజరు వచ్చాడు. ట్రిప్పుషీటు బల్ల మీద పరిచి, "మీ గుమాస్తా గారు కుటుంబంతో సహా మా కారులో గండికి పోయొచ్చినారప్పా. మీ ఇంటికీ మా ఇంటికీ అంత దగ్గరితనం. ఆ రూటు విషయం మీరే చూసుకోవల్ల" అన్నాడు, మెత్తగా.

పెద్దాయన జేబులోంచి నా కార్డు తీసి, తప్పులతో సహా మొదట్నుంచి చివరిదాకా పైకి చదివాడట. చదివి, "ఈ యమ్మ రాసిన దాంట్లో మా రావు లేడు. నీ కాగితంలో ఉండాడు. ఆ శనివారం వీడు నా గదిలో కూచోని నకళ్లు రాస్తాండె. రెంట్లో ఏది నమ్మల్లప్పా?" అన్నాడట.

మేనేజరు ట్రిప్పుషీటు మడుచుకున్నాడు. బల్ల మీద ఎవరూ ముట్టని మజ్జిగ గ్లాసు ఉంటే, దాన్ని తాగేసి పోయాడు. ఇది చెబుతూ మా ఆయన నవ్వాడు. అప్పటిదాకా ఆయన నవ్వుతాడని నేను అనుకోలేదు.

మరునాడు కమిటీలో పెద్దాయన లేచి, "నా గుమాస్తా ఇంటివాళ్లు వీళ్ల కారు ఎక్కారు, కాబట్టి ఈ రూటు మీద నేను మాట్లాడను, చెయ్యెత్తను" అని చెప్పి బయటికొచ్చి వరండాలో కూర్చున్నాడట. "ఆడమనిషి పేరంటానికి పోతే నువ్వు కుర్చీ దిగేదేంది మామా?" అని తోటి మెంబరొకాయన ఎగతాళి చేస్తే, "దిగింది నేను. నీ కాళ్లెందుకు నొస్తాండాయి?" అన్నాడట.

మా ఆయన నాకొక కవరు ఇచ్చాడు. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. నేనే కూడబలుక్కుని చదువుకున్నాను.

"అమ్మా అలివేలుమంగా, గండికి పోవడానికి ఆ కారు ఎక్కడం తప్పు. పులివెందుల ఆసుపత్రికి అదే కారులో పోవడం తప్పు కాదు. నువ్వు రెంటినీ విడదీసి రాశావు. నా కాగితంలో నేను విడదీయలేదు, ఇప్పుడు చేర్చాను. ఇంకొక పొరపాటు కూడా నాదే. కాగితం నీ భర్తకిచ్చాను. మొక్కులకూ పేరంటాలకూ పిలుపు వచ్చేది ఇల్లాలికని నాకు తోచలేదు. ఈ కవరులో నీకూ ఒక నకలు పెట్టాను. బిడ్డ కులాసాకు రాయి. నీ రాత చదవడానికి బాగానే ఉంది."

ఆ చివరి మాట దగ్గర నేను ఏడ్చాను. ఐదో క్లాసు పంతులు కూడా నా రాత బాగుందని ఎప్పుడూ అనలేదు. ఆ నకలు మా వంటింట్లో గూటి పక్కన అంటించి ఉంది. కలం పట్టుకోవాలనిపించినప్పుడల్లా ఆ ఉత్తరం చదువుకుంటాను. ఈ కథ రాయడానికి కూడా అదే ధైర్యం.

మా ఉద్యోగం నిలిచింది. బిడ్డ నిలిచింది. అంతా బాగుందని నేను ఊపిరి పీల్చుకున్న రోజునే, "అమీర్ బాషాను ఆ ఆదివారమే తీసేసినారంట గదా" అని అమీనాబీ అంది. కోపంలో అన్న మాట కాదది. సావుకారు నిజంగానే ఇంటికి పంపేశాడు. కాగితం మీద రాయమన్నది రాయనివాడని మిగతా బస్సులవాళ్లకు కూడా చెప్పిపెట్టాడట.

నేను ఆ పూట అన్నం తినలేదు. మా ఆయన పెద్దాయనకు చెబితే, ఏం చేయమంటాడో నేరుగా అమీర్ బాషానే అడిగి రమ్మని మా ఆయన్ను పంపాడు. మా ఆయన టికెట్టు కొనుక్కుని పులివెందుల పోయాడు.

"పెద్దాయన ఒక మాట చెబితే యాడన్నా పని దొరుకుతాది బాషా" అన్నాడట.

"వొద్దు సామీ" అన్నాడట అమీర్ బాషా. "ఇప్పుడు మీరు నాకు పని ఇప్పిస్తే, డబ్బులిచ్చి నాతో అట్ల చెప్పించినారని సావుకారు అంటాడు. అక్కయ్య రాసింది గూడా అబద్ధమైతాది. రూటు ఇయ్యలేదని సావుకారు అప్పీలుకు పోయినాడంట గదా. అది తేలేదాకా మీరెవరూ ఈ గుమ్మం తొక్కొద్దు. పాప బాగుండాదా?"

పాప బాగుంది. బడికి పోయే వయసు వచ్చింది. అప్పీలు ఇంకా తేలలేదు. అందుకని నేను పులివెందుల పోలేను, మా ఆయన పోలేడు, ఒక పచ్చడి జాడీ కూడా పంపలేను. కృతజ్ఞత ఇంత బరువుగా ఉంటుందని నాకు ముందు తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు మొదట తలుచుకునేది దేవుణ్ణి కాదు, ఆయన్నే. దేవుడు ఏమీ అనుకోడని నా నమ్మకం.

కానీ ఇది చదివే మీకు ఆ రూటుతో పని లేదు. మీ పేరు ఏ ట్రిప్పుషీటులోనూ లేదు. మీలో ఎవరైనా పులివెందుల వైపు పోతే, మీ టికెట్టు మీరే కొనుక్కుని పోండి. సర్కారాసుపత్రి పక్కవీధిలో అమీర్ బాషా ఇల్లు ఏదంటే చెబుతారు. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటుంది. నేను పంపానని చెప్పవద్దు. దారి అడిగినట్టు అడిగి, ఆయన చేతికి ఏదైనా బండి దొరికిందా, వాళ్లమ్మ కులాసాగా ఉందా, ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అన్నది ఒక్కసారి కళ్లారా చూసి, నాకు ఒక కార్డు ముక్క రాయండి.